మా బాపు ఓట్లడిగిన గ్రీకు పిల్ల

మా బాపు మస్కట్ నుంచి వాపసొచ్చిన రెండో ఏడు, ఒకనాడు పొద్దుగాల బీడీలు చుట్టే ఆడోళ్ల నడుమకొచ్చి నిలబడి, మా పిల్ల టీవీల పాడింది, చూడుండ్రి అన్నడు.

మా ఇల్లు సుల్తానాబాద్‌ల. ఇంటి ముంగట రేకుల పందిరి కింద మా అవ్వ, పక్కింటి పెద్దమ్మ, ఇంకో నలుగురు దినాం కూసొని బీడీలు చుడుతరు. ఒడిల చాట, చాటల తునికాకు, తంబాకు. చేతులు వాటంతటవే నడుస్తుంటయి, నోర్లు మాత్రం ఖాళీగ ఉంటయి. గా ఖాళీ నోర్లకు మా బాపు ఆనాడు తనంతట తానే మేత తెచ్చి ముంగట పోసిండు.

"మా పిల్ల" అనంగనే అందరు నా దిక్కు చూసిండ్రు. ఇంటికి ఒక్కదాన్నే బిడ్డను. కరీంనగర్ల ఒక గ్రానైట్ ఆఫీసుల కంప్యూటర్ మీద పనిచేస్త. అప్పుడే టిఫిన్ డబ్బ సంచిల పెట్టుకొని బస్సుకు ఉరుకబోతున్న. నా గొంతు సంగతి పందిరి కింద అందరికి ఎరుకే. బతుకమ్మ కాడ నేను పాట అందుకుంటే పక్కన ఆడేటోళ్లు అడుగు తప్పుతరు. అందుకని వాళ్ల చూపుల సంతోషం కంటే భయమే ఎక్కువ గనవడ్డది.

"ఇది కాదు," అని బాపు నన్ను చేత్తోటి పక్కకు జరిపిండు. "మస్కట్ పిల్ల."

ఫోన్ల ఒక తెల్ల పిల్ల. ఇరువై ఏండ్లుంటయేమో. నల్ల గౌను, పొట్టి జుట్టు, చెవులకు ఏం లేవు. నలుగురు జడ్జీల ముంగట నిలబడి కండ్లు మూసుకొని పాడుతున్నది. ఏ దేశమని పెద్దమ్మ అడిగింది. గ్రీసు అన్నడు బాపు. బండి చక్రాలకు పెట్టే గ్రీసా అని ఆమె అడిగింది. కాదు, దేశం పేరే గది అన్నడు. గంత మంచి పిల్లలుండే దేశానికి గసొంటి పేరెందుకు పెట్టుకున్నరని పెద్దమ్మ మల్ల అడిగితే, బాపు పాటను మల్ల మొదటి నుంచి పెట్టిండు.

మా బాపు మస్కట్‌కు పోయినప్పుడు నేను రెండో తరగతి. ఆడ ఒక గ్రీకు ఇంజినీరు ఇంట్ల డ్రైవర్‌గ కుదిరిండు. ఆ ఇంజినీరుకు ఒక్కతే బిడ్డ. నాకంటె మూడేండ్లు చిన్నది. ఆ పిల్లను బడికి తోల్కపోవుడు, తీస్కొచ్చుడు, సంగీతం క్లాసుకు తోల్కపోవుడు, ఇదే తొమ్మిదేండ్లు ఆయన నౌకరి. ఆ పిల్ల పెద్ద బడికని వాళ్ల దేశం పోయినంక ఇంకో షేట్ కాడ కొన్నేండ్లు చేసి, నడుము నొప్పి పట్టుకుంటే ఇంటికొచ్చిండు.

నాకు తెలిసిన బాపు అంటే శుక్రవారం ఫోనే. ఆడ శుక్రవారం సెలవు. ఫోన్ జేస్తే మూడే మాటలు. తిన్నవా? చదువుతున్నవా? అవ్వకియ్యి. పదిహేనేండ్ల మా తండ్రీబిడ్డల ముచ్చట గీ మూడు మాటల మీదనే నడిచింది. నన్ను ఒక్కనాడన్న బడికాడ దింపిన మనిషి కాదు. అటువంటి మనిషి పొద్దుగాలనే పందిరి కింద నిలబడి, ఇంకొకని బిడ్డను పట్టుకొని మా పిల్ల, మా పిల్ల అంటే నాకెట్లుంటది? డబ్బల పచ్చిపులుసు ఒలికిందని సాకు పెట్టుకొని అవ్వ మీద కసిరి బస్సెక్కిన.

ఆ పోటీ సంగతేందంటే, వారం వారం పాడాలె. జడ్జీలు తారీఫ్ చేస్తరు, లేకుంటె మొహం మీదనే పాడుగాను మాటలంటరు. ఎవరుండాలె, ఎవరు ఇంటికి పోవాలె అనేది జనం ఫోన్ల ఓట్లేసి చెప్తరు. మన టీవీలల్ల వచ్చే పాటల పోటీలసొంటిదే. మధ్య మధ్యల ఏడుపు గూడ గట్లనే ఉంటది. పాడేటోళ్ల చిన్నప్పటి కష్టాలు చూపెడుతరు, ఎనక వయొలిన్ వాయిస్తరు, జడ్జి ఒకామె కండ్లు తుడుచుకుంటది. భాష ఒక్కటి రాదు గని మిగిలినదంత మా ఆడోళ్లకు మొదటి వారమే అర్థమైంది.

మా బాపు పొద్దుగాల చాయ తాగినంక వీడియో పెడుతుండె. ఫోన్‌ను చాట అంచుకు ఆనిచ్చి నిలబెట్టేది. ఆడోళ్లు బీడీలు చుట్టుకుంట చూసేది. ఆ పిల్ల మొదటి వారం పాడింది శోకం పాట. ఎవరో సచ్చినట్టుందని ఒకామె అన్నది. రెండో వారం ఉషారు పాట. గీ పాటకు చేతులు జల్ది నడుస్తున్నయి, మల్ల పెట్టు మరిది అని పెద్దమ్మ అడిగి మరీ నాలుగుసార్లు పెట్టించుకున్నది. గడ్డం ఉన్న జడ్జి ఒకడు ఆ పిల్లకు వంక పెడితే, వాని మొహానికి పాట తెలుసా అని తిట్టిండ్రు. వాడు ఆ దేశంల పెద్ద పాటగాడంట. తెల్వక తిట్టిండ్రు, తెలిసినా తిట్టేటోళ్లే.

మరి జడ్జీలు ఏమన్నరో తెలిసుడెట్ల? దానికి మాకు ఒక మనిషి దొరికింది. మా మేనత్తను మహారాష్ట్ర అంచుకు ఆదిలాబాద్ దిక్కు ఇచ్చిండ్రు. ఆమె బిడ్డ నాకు వదిన వరుస. సైప్రస్‌ల ఒక ముసలామెను చూసుకునే పనికి పోయి ఆరేండ్లయింది. ఆడ గూడ గ్రీకే మాట్లాడుతరు. పోయిన కొత్తల ఆ ముసలామె పొద్దందాక "ఎలా, ఎలా" అంటుంటే, గీమె ఆంధ్రోళ్ల లెక్క తెలుగెప్పుడు నేర్చిందని వదిన పరేషానయిందంట. తర్వాత తెలిసింది, వాళ్ల భాషల ఎలా అంటే రమ్మని. ఇప్పుడు గడగడ మాట్లాడుతది. బాపు వీడియో పంపుతె వదిన పనుల మధ్య విని, తెలుగుల వాయిస్ పెట్టేది. ప్రతి వాయిస్ "అగ" అనే మరాఠీ పిలుపుతోటి మొదలయ్యేది.

"అగ పిల్లా, మామకు చెప్పు. గా గడ్డపోడు పిల్ల గొంతుల దమ్మున్నది గని పాట ఎన్నుకొనుడు రాదంటుండు. వాని సంగతి పక్కన పెట్టు. ఇగ, పిల్ల గురించి చూపెట్టిండ్రు గదా, ఆడ ఏమన్నదంటె, నేను మస్కట్ల పెరిగిన, బడికి పొయ్యే బండిల పాడుకుంట పొయ్యేదాన్ని, మా డ్రైవర్ అంకుల్ ఒక్కడే నా పాట వినేటోడు అన్నది. మామ పేరు చెప్పలే గని మామ సంగతే."

ఈ వాయిస్ పందిరి కింద మూడుసార్లు వినవడ్డది. ఆడోళ్లందరు బాపు దిక్కు కొత్తగ చూసిండ్రు. బాపు తల కొద్దిగ ఊపి లోపలికి పోయిండు. గంత పెద్ద మాటకు గంత చిన్నగ తల ఊపుడేందని నాకనిపించింది గని, కుళ్లు తోటి ఉన్న మనిషికి గసొంటియి ఎక్కువసేపు యాదిలుండయి.

ఇగ ఆ రోజు నుంచి బాపు ప్రచారం మొదలైంది. చాయ హోటల్ కాడ, మంగలి షాపుల, వడ్ల మిల్లు కాడ, ఎవరు దొరికితె వాళ్లకు ఫోన్ చూపెట్టుడు, మా పిల్లకు ఓటెయ్యాలె అనుడు. మన ఫోన్ల నుంచి ఓటు పోదు. ఆ ముక్క ఆయనకు గూడ తెలుసు. అయినా అడుగుతుండె. ఒకాయన ఏ పార్టీ అని అడిగిండంట. ఇంకొకాయన ఓటుకు ఏమిస్తరని అడిగిండంట. ఓట్లు పడ్డయంటె అవి వదినవే. ఆమె గాక ఆమె తోటి పనిచేసే గోదావరి జిల్లాల ఆడోళ్లు పదిమంది. ఆ పిల్ల మీకేమైతదని వాళ్లడిగితె, మా మామకు బిడ్డసొంటిదని చెప్పిందంట.

బిడ్డసొంటిది అన్న మాట సముద్రం దాటి, ఆదిలాబాద్ మీదుగ, సుల్తానాబాద్ చేరేసరికి "సొంటిది" ఏడనో జారిపోయింది.

మూడో వారం ముచ్చట. నేను ఆఫీసు నుంచి ఇంటికొచ్చేసరికి పందిరి కింద ఎవ్వరు లేరు. అవ్వ ఒక్కతే కూసొని, కత్తెరతోటి తునికాకును కోస్తున్నదో నరుకుతున్నదో తెల్వకుండ ఉన్నది. ఏమైందని మెల్లగ అడిగితె చెప్పింది. మా బాపుకు మస్కట్ల ఇంకో సంసారం ఉండెనంట. తెల్లామెతోటి. గీ పాడే పిల్ల గా సంసారం పిల్లనేనంట. హోటల్ కాడ అందరు అనుకుంటున్నరంట. పెద్దమ్మైతె పిల్ల ఫొటో పెద్దగ జేసి చూసి, ముక్కు అచ్చం మరిది ముక్కే చెల్లె అన్నదంట.

నేను నవ్విన. నవ్వాల్సింది కాదు. అవ్వ చాట పక్కకు పెట్టి నా దిక్కు చూసిన చూపుకు నవ్వు గొంతులనే ఆగింది.

నిజం చెప్పాలంటె మా బాపు ముక్కు గొప్ప ముక్కేం కాదు. అది గ్రీసు దాక పొయ్యే ముక్కు అస్సలే కాదు. అయినా అవ్వ ఆ దినం కూర వండలే. బాపు పొలం నుంచి వచ్చి బువ్వ అడిగితె, గ్రీసుల పెడుతరు పో అన్నది. ఆయనకు సంగతి అర్థమయ్యేసరికి చాలాసేపు పట్టింది. అర్థమైనంక ఒట్టు పెట్టిండు, మొదలు దేవుని మీద, తర్వాత నా మీద. గా పిల్లకు తల్లీదండ్రీ ఇద్దరున్నరు, నేను ఇంటెనక అర్రల పండుకునేటోన్ని, వంట మనిషి పెట్టింది తినేటోన్ని అన్నడు. అవ్వ విన్నది గని నమ్మలే. నమ్మితె వినేటందుకు ఏముంటదనో ఏమో, నాలుగు దినాలు మాట్లాడలే.

వీడియోలకు కింద రాతలొస్తయని, వాటిని ఇంగ్లీషుల పెట్టుకోవచ్చని నా ఆఫీసు దోస్తు చెప్పింది. వదిన అనువాదానికి అలవాటుపడి మాకెవ్వరికి ఆ ఆలోచన రాలే. ఆ పిల్ల తల్లిదండ్రుల గురించి ఏదన్న మాట దొరికితె అవ్వకు చూపెట్టి, ఇంట్ల పొయ్యి ముట్టియ్యొచ్చనుకున్న. మరునాడు కరీంనగర్ బస్సుల కిటికీ కాడ సీటు దొరికింది. మొదటి వారం వీడియో పెట్టిన.

తల్లి ఉన్నది. తండ్రి ఉన్నడు. ఇద్దరు స్టేజీ పక్కన నిలబడి ఏడుస్తనే ఉన్నరు. తండ్రి పేరు, ఊరు, నౌకరి అంత చెప్పిండ్రు. మా బాపు కేసు గెలిచినట్టే. ఆ పిల్ల ముక్కు తండ్రిది, డౌట్ లేదు. నవ్వుకుంట ఇంకొద్దిగ ముందుకు చూసిన.

బడికి పొయ్యే బండి మాట వచ్చింది. పిల్ల నవ్వుకుంట చెప్తుంది. ఇల్లు ఒకదిక్కు, బడి ఇంకోదిక్కు. దోస్తులు లేరు. బండిల నా మాట వినేటోళ్లు ఎవ్వరు లేకుండె. ఎవ్వరు లేరు గదా అని గట్టిగ పాడుకునేదాన్ని. గట్లనే పాట వచ్చింది.

వెనకకు జరిపి మల్ల చూసిన. డ్రైవర్ అంకుల్ లేడు. ఒక్కడే వినేటోడు లేడు. ఎవ్వరు లేరు.

అంతసేపు నేను కుళ్లుకున్నది గా పిల్ల మీదనే. మా బాపును తొమ్మిదేండ్లు నా కాడ నుంచి గుంజుకున్నదని. తీరా చూస్తె ఆమెకు మా బాపు బండిల ఉన్నట్టే తెల్వదు. సంతోషపడాలె గదా. పడలేకపోయిన. ఆ ఒక్క పూట ఆఫీసుల ఏ లెటరు కొట్టినా తప్పే వచ్చింది.

ఇంటికి పోయి అవ్వను లోపలికి పిలిచి వీడియో చూపెట్టిన. తల్లిని, తండ్రిని చూపెట్టిన. అవ్వ మొహం వదులైంది. తర్వాత ఆ మాట గూడ చదివి చెప్పిన. చెప్పకపోదును గని, ఒక్కదాన్నే దాన్ని మొయ్యలేకపోయిన. అవ్వ కొంగుతోటి ఫోన్ అద్దం తుడిచి ఆ పిల్లను మల్ల చూసింది.

"గింతేనా? తొమ్మిదేండ్లు దింపి తెచ్చిండు గదనే," అన్నది.

బాపు మీద ఉన్న కోపమంత ఒక్కసారి ఆ పిల్ల మీదికి తిరిగింది. పాట బాగుంటె ఏం లాభం, కండ్లు లేవా, ముంగట సీట్ల మనిషి గనవడడా అని గొణిగింది. ఆ మాపు గుడ్ల పులుసు పెట్టి, బాపుకు రెండు గుడ్లు ఎక్కువేసింది. బాపుకు చెప్పొద్దని నా దగ్గర ఒట్టు తీసుకున్నది. మా ఇంట్ల ఆ వారం ఒట్లకు కరువు లేకుండె. బాపు రెండు గుడ్లెందుకు ఎక్కువొచ్చినయని సుత అడగలే, తిన్నడు.

ఐతారం నాడు బాపు వరి మడికి నీళ్లు పెడుతుంటే సద్ది తీసుకపోయిన. ఒడ్డు మీద కూసొని తింటుండు. ఫైనల్ ఆ వారమే. గెలుస్తదంటవా అని అడిగిండు. ఏమో అన్న. నాకు ఆ ముచ్చట ఇష్టం లేదని ఆయనకు తెలిసింది.

"మొదటి వారం పిల్ల అన్న మాట నువ్వు గూడ చదివినట్టున్నవ్," అన్నడు.

నేను డబ్బ మూత తిప్పుకుంట కూసున్న.

"నాకు గా భాష రాదనుకున్నవా బిడ్డా? తొమ్మిదేండ్లు గా ఇంటి అన్నం తిన్న. 'కనేనాస్' అన్నది పిల్ల. కనేనాస్ అంటె ఎవ్వరు లేరని. మొదటి దినమే విన్న."

మరి వదిన చెప్పినప్పుడు తల ఎందుకూపినవని అడిగిన. "పనిల నుంచి తీరిక చేసుకొని, నా కోసం అబద్ధం అల్లింది. కాదంటె దాని మనసు నొవ్వదా?" అన్నడు. ముద్ద కలిపి, తినకుండ చేతిల పట్టుకొని కూసున్నడు. తర్వాత చెప్పిండు. నౌకరిల చేరిన మొదటి దినమే ఇంజినీరు చెప్పిండంట, పిల్లతోటి మాటలు పెట్టుకోవద్దు, రోడ్డు చూసుకుంట బండి నడుపు అని. గట్లనే చేసిండంట. ఎనక పిల్ల పాడుతుంటే ఈయన రోడ్డు చూసిండు.

"గా పిల్ల తప్పేమున్నది? దానికి నా మెడ తప్ప ఏం గనవడ్డది?"

అప్పుడు అడిగిన. అడుగుతనని నేను గూడ అనుకోలే. "మరి నాతోటి మాట్లాడొద్దని నీకెవరు చెప్పిండ్రు బాపు?"

నీళ్లు మడి నిండి పక్క మడిల పడుతున్నయి. ఆయన లేచి పారతోటి మట్టేసి గండి పూడ్చి వచ్చి మల్ల కూసున్నడు.

"బేస్తారం నుంచే సోంచాయించేటోన్ని, రేపు బిడ్డను ఏమడగాల్నో," అన్నడు. "లెక్కలల్ల ఎన్ని మార్కులొచ్చినయి, కాలి మీది పుండు మానిందా, అన్ని గుర్తు పెట్టుకునేటోన్ని. నువ్వు ఫోన్ ఎత్తి 'ఆ, బాపు' అనంగనే అన్ని మర్చిపోతుంటి. నీ గొంతు నెలకోతీరుగ మారుతుండె. ఎవరో పెద్దామెతోటి మాట్లాడినట్టు సిగ్గయితుండె."

నేను డబ్బ కడిగి సంచిల పెట్టుకున్న. కాలి మీది పుండు ముచ్చట నేను మర్చిపోయి పదేండ్లయింది. అది సైకిల్ మీది నుంచి పడ్డప్పటిది.

ఫైనల్ల ఆ పిల్ల మూడోదిగ నిలిచింది. గెలిచినోడు ఒక పొడుగు పోరడు, పాట తక్కువ, ఎగురుడు ఎక్కువ. పందిరి కింద ఆ దినం పెద్ద గొడవ. ఓట్లల్ల మోసం జరిగిందని పెద్దమ్మ తేల్చేసింది. ముక్కు ముచ్చట తీసింది తానే అన్నది ఆమెకు యాదిలేదు, మనం గూడ ఎత్తొద్దు. వదిన సైప్రస్ నుంచి వాయిస్ పెట్టి, ఏడ్చుకుంట గడ్డం జడ్జిని మరాఠీల తిట్టింది. గ్రీకు వాళ్లను తిట్టేటందుకు గ్రీకు సరిపోలేదంట.

నాకు మాత్రం ఆ 'ఎవ్వరు లేరు' అన్న మాట పోలే. ఆ పిల్లకు ఫోన్ల ఒక పేజీ ఉండె, ఫొటోలు, పాటలు పెడుతుండె. నాకొచ్చిన ఇంగ్లీషుల ఒక మెసేజ్ రాసిన. మస్కట్ల నిన్ను బడికి తోల్కపోయిన డ్రైవర్ మా నాయిన. ఆయన నీ పాటలన్ని విన్నడు. ఇప్పుడు మా ఊరంత విన్నది. అంతే రాసిన. కోపంగ రాద్దామని మొదలుపెట్టిన, రాసేసరికి చల్లబడ్డది. బాపుకు చెప్పలే. జవాబొస్తదని నాకు నమ్మకం లేకుండె. ఆ పిల్లకు వేలమంది రాస్తరు, పెండ్లి చేసుకుంటమని రాసేటోళ్లే సగం మంది.

నెల దాటినంక, ఆఫీసుల మధ్యాహ్నం డబ్బ విప్పుతుంటే వచ్చింది జవాబు. పెద్దగనే రాసింది. ఆమెకు బాపు యాదికున్నడు. మెడ మీద పుట్టుమచ్చ గూడ యాదికున్నది. ఆయనకు తన పాటంటె అస్సలు పడదనుకున్నదంట. ఎందుకంటె, తాను పాట మొదలుపెట్టంగనే ఆయన బండిల ఏసీ బంద్ చేసేటోడంట. మస్కట్ ఎండల. చెమటలు కారేవంట. నోరు మూసుకొమ్మని గిట్ల చెప్తుండని ఆ పిల్ల అనుకొని, జిద్దుకు ఇంకింత గట్టిగ పాడేదంట. నాకు గింత గొంతు వచ్చిందంటె మీ నాయిన మీద కోపంతోటే వచ్చింది, ఆయనకు థాంక్స్ చెప్పు అని రాసింది.

మాపటీలి ఇంటికి పోయి బాపును అడిగిన, ఏసీ ఎందుకు బంద్ చేసేటోడివని.

"ఆ పాత బండి ఏసీ మోతకు పాట వినవడకపోతుండె," అన్నడు. "నీకెవరు చెప్పిండ్రు?"

చెప్పిన. మెసేజ్ అంత తెలుగుల చదివి వినిపించిన, వదిన లెక్క కాదు, ఉన్నదున్నట్టు. బాపు మొదలు నవ్విండు. మా బాపు గట్ల నవ్వంగ నేను చూడలే, పండ్లు మొత్తం గనవడేటట్టు. తర్వాత ఏసీ పాడైందని ఇంజినీరు రెండుసార్లు బండిని షెడ్డుకు పంపిన సంగతి చెప్పిండు. రెండుసార్లు మెకానిక్ ఏం ఖరాబు లేదని వాపసు పంపిండంట, రెండుసార్లు ఈయన మెకానిక్‌ను తప్పుపట్టిండంట.

వాయిస్ పెడుతవా అని అడిగిన. వద్దు వద్దు అనుకుంటనే ఫోన్ తీసుకున్నడు. అంగి గుండీలు పెట్టుకున్నడు, వాయిస్ల అంగి గనవడదని చెప్పినా వినలే. గొంతు సవరించుకొని గ్రీకుల మొదలుపెట్టిండు. మొదటిసారి సగంల ఆగిండు, రెండోసారి దగ్గిండు, ఆరోసారి పూర్తయింది. అవ్వ దర్వాజ కాడ నిలబడి విన్నది. ఆమె చేసుకున్న మొగడు ఇన్నేండ్లల్ల ఆమె ముంగట ఇంకో భాష మాట్లాడుడు అదే మొదలు. ఏమన్నవని అడిగితె, బాగున్నవా అని అడిగిన అన్నడు. గంతసేపు బాగున్నవానే అడిగినవా అన్నది అవ్వ.

ఆ పిల్ల నుంచి వెంటనే వాయిస్ వచ్చింది. మాటల కంటె నవ్వే ఎక్కువున్నది. ఏందో రెండు మాటలని, మల్ల నవ్వింది. బాపు దాన్ని చెవికి పెట్టుకొని నాలుగైదుసార్లు విన్నడు గని మాకు చెప్పలే.

ఆ ఎండకాలం వదిన సెలవు మీద వచ్చింది. ఆదిలాబాద్‌ల ఇంటికి పోయేముందు మా ఇంట్ల రెండు దినాలున్నది. వచ్చిన దినమే బాపు పంపిన వాయిస్ వినిపియ్యమన్నది. వినుకుంట వినుకుంట చాయ గ్లాసు కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. ఏం తప్పు మాట్లాడిననని బాపుకు భయమైంది.

"తప్పేం లేదు మామా. నువ్వు మాట్లాడేది పెద్దోళ్ల గ్రీకు కాదు," అన్నది. "చిన్నపిల్లల గ్రీకు. కడుపు నొస్తున్నది, బడికి పోను, ఇంకెంత దూరం, నాకు నిద్రొస్తున్నది, గిట్ల మాట్లాడుతున్నవ్."

బాపు సోంచాయించిండు. ఎనక సీట్ల నుంచి వినవడ్డ గ్రీకు గదొక్కటే అన్నడు.

ఆ పిల్ల ఇప్పుడు ఎండకాలం వచ్చిందంటె ఏదో దీవిల హోటళ్ల కాడ పాడుతదంట. పాట రికార్డయితె మాకు పంపుతది. అవ్వకు శోకం పాటలు నచ్చయి, ఉషారువి పంపుమని రాయమంటది, రాస్త. బాపు ఉత్తరం లెక్క నెలకొక వాయిస్ పెడుతడు. అండ్ల ఏం చెప్తడో వదిన లేనప్పుడు మాకెవ్వరికి తెల్వదు. అవ్వ అడిగితె, కడుపు నొస్తున్నదని చెప్పిన అంటడు.